రెండు సీన్లు చెడగొట్టిన రాజు

"అవ్వా, నిన్న టీవీలో వచ్చిన సినిమాలో ఎవరు బాగా చేసినారు?"

ఎద్దులు.

నవ్వేదేముంది దీంట్లో? నువ్వడిగినావు, నేను చెప్పినా. ఆ బండి సీను ఉంది చూడు, దాంట్లో ఎలపట, కుడి పక్కన, కట్టిన ఎద్దు, తెల్లది, కొమ్ములు కొంచెం లోపలికి తిరిగినయి గదా, అది యాడ నిలబడమంటే ఆడ నిలబడింది. ఒక్కసారన్నా కెమెరా దిక్కు చూళ్లేదు. తక్కినోళ్లంతా చూసినారు. ఆ హీరో అయితే నాగలి పట్టుకోని గూడా మన దిక్కే చూస్తా పాట పాడినాడు. నాగలి పట్టినోడు దున్నే చాలు దిక్కు చూడకపోతే మేడి తిరగబడి పక్కటెముకల్లో తగుల్తాది. వాడికి తగల్లేదు. అంటే నాగలి నేలలోకి దిగలేదన్న మాట. ఊరికే గీరుకుంటా పోతున్నాడు. మన పొలంలో అట్ల దున్నితే మీ తాత కూలి ఇచ్చేవాడా?

ఇంక తల్లి వేషం కట్టినామె. మంచి మనిషే మాదిరుంది పాపం. చచ్చిపోయేటప్పుడు మాత్రం శానాసేపు మాట్లాడింది. అన్ని మాటలు మాట్లాడే ఓపిక ఉన్నామె చావడమెందుకు? మా అమ్మ పోయేటప్పుడు ఏమన్నది తెలుసునా. "బర్రెకు కుడితి పెట్టినారా?" అన్నది. పెట్టినామమ్మా అన్నా. సరే అని పోయింది. అదీ చావంటే. మా అమ్మను తీసుకపోయి సినిమాలో పెట్టి ఉంటే... పెట్టరులే. కుడితి మీద పాటేం కడతారు.

ఏందీ? మరి తాత ఎట్ల చేసేవాడా?

అదీ సంగతి. అది అడగడానికే గదా సినిమా మాట ఎత్తినావు. నీ బుద్ధి నాకు తెలవదా. మీ నాయన కూడా ఇంతే, అరిసె కావాలంటే ముందు బెల్లం రేటు అడిగేవాడు. మీ తాత యాడికి పోయినాడు? ఎరువుల దుకాణం కాడికా? అయితే ఇప్పట్లో రాడు. ఆడ నలుగురు కనపడితే చాలు ఆయనకు. చెప్తా కూచో. ఆ చిక్కుడుకాయలు గూడా ఇట్ల తీసుకో, ఊరికే నోరు తెరుచుకొని వినేదెందుకు, ఈనెలు తీస్తా విను.

అప్పుడు మాది కర్నూలు జిల్లా. ఇప్పుడు ప్రకాశం అంటాన్నారు గాని, ఆ పేరు అప్పటికి లేదు. చెన్నపట్నం గవర్నమెంటు. యాడనో యుద్ధం జరుగుతుండె. మాకు తెలిసిన యుద్ధం ఏందంటే, కిరసనాయిలు దొరకదు, మంచి గుడ్డ దొరకదు, దొరికిన గుడ్డ రెండుసార్లు ఉతికితే దోమతెర అయితాది. అట్లాంటప్పుడు మార్కాపురానికి టూరింగు టాకీసు వచ్చె. డేరా. నేల టికెట్టు అణా... అణా గాదు, రెండణాలు. అణా ఇచ్చింది మా తమ్ముడికి, వాడు చిన్నోడని. వాడు మీసాలు వచ్చిందాకా చిన్నోడే, అణా టికెట్టు కోసం.

ఇసకలో కూచునేది. ఆడోళ్లు ఒక పక్క, మగోళ్లు ఒక పక్క, నడుమ తాటాకు తడిక. ఒక రీలు అయిపోతే లైటు వేసి, ఇంకో రీలు ఎక్కిచ్చేదాకా అందరూ ఊరికే కూచుంటారు గదా, అప్పుడే అసలు సినిమా. తడికకు అటు ఇటు ఎవరి తీర్పు వాళ్లు చెప్పేది. వీడు బాగా చేసినాడు, ఆమె బాగలేదు, ఆ గుర్రం ఇందాక తెల్లగుండె ఇప్పుడు నల్లగుందేంది అని.

ఆ రోజు నేనూ మా అమ్మా మా అత్తా బండి కట్టించుకొని పోయినాం. అత్తంటే మా మేనమామ పిచ్చయ్య పెళ్లాం. సినిమా పేరు నాకు గుర్తు లేదు. ఒక పెద్దింటి పిల్ల, ఒక లేనోడి కొడుకు. ఆ పిల్ల ఏడుస్తాంది. మూడు రీళ్ల నుంచి ఏడుస్తాంది. డేరాలో ఆడోళ్లంతా కూడా ఏడుస్తాన్నారు, మా అత్తయితే కొంగు పిండుకుంటాంది. లైటు వేసినారు. నేను ఊరికే ఉండకుండా, "ఇంతగా ఏడుస్తాంది, ఈమె ముక్కు చీదదేందత్తా?" అన్నా.

తడిక అవతల నుంచి ఒక మగ గొంతు, నిదానంగా, ఏదో పంచాయితీలో చెప్పినట్టు, "చీదితే రాగం పోతాది" అన్నది.

ఎవర్రా వీడు అని తడిక సందులోంచి చూసినా. అప్పటికే లేసి నిలబడి చుట్టూ ఉన్నోళ్లకు చెప్తాన్నాడు. ఆ హీరో చెయ్యి అట్ల కాదు ఎత్తాల్సింది, ఇట్ల ఎత్తాల అని. కాగితం చింపేటప్పుడు ముందు మనసులో చింపాల, తర్వాత చేత్తో చింపాల అని. మిషను కాడి మనిషి కూచోమని రెండుసార్లు అరిచినాడు. కూచోలేదు. రీలు మొదలుపెట్టినారు. తెర మీద ఆ పెద్దింటి పిల్ల ముఖాన ఈయన నీడ, చెయ్యి ఎత్తుకొని. జనం తిట్టినాక కూచున్నాడు.

ముఖం నాకు సరిగ్గా కనపడలేదు. చేతులు కనపడినయి. పొలం చేసేటోడి చేతులు, మోటుగానే ఉన్నయి గాని, గాలిలో దేన్నన్నా చూపిస్తే అది ఆడ ఉన్నట్టే ఉంటాది. కాగితం చింపినట్టు చూపిస్తే నాకు చప్పుడు వినపడింది. అంతే. దాంట్లో ఇంకేం లేదు. నువ్వు అట్ల కళ్లు పెద్దవి చేసుకోని చూడాల్సిన పని లేదు.

ఆయనే మీ తాత. కోటయ్య. తర్లుపాడు దిక్కు ఊరు. మా పిచ్చయ్య మామకు వాళ్ల ఊరి పక్కన మాగాణి ఉండె, మాగాణంటే పేరుకే, చెరువు నిండితే మాగాణి, లేకపోతే మెట్ట. సినిమా అయినాక బండి ఎక్కేటప్పుడు మా అత్తను గుర్తుపట్టి, ఆ పొలం కాడికి పోయి, తడిక ఇవతల మాట్లాడిన పిల్ల ఎవరని మా మామను అడిగినాడంట. మా మామ పెళ్లయి ఏమీ తోచక ఉండేటోడు, సంబంధం కుదర్చడమంటే పాయసం తాగినట్టు ఆయనకు. తెల్లవారే మా ఇంటికి వచ్చె.

ఇప్పుడు మా నాయన సంగతి చెప్పకపోతే నీకు తక్కింది తెలవదు.

మా నాయన ఒకసారి సంతలో ఎద్దును కొన్నాడు. అమ్మేటాయన ఎద్దు మెడ పట్టుకొని ఏడుస్తాన్నాడంట. ఏందన్నా అంటే, "మా ఇంటిది పోయింది, దీన్ని చూస్తే ఆమే గుర్తొస్తాది, ఆమె చేత్తో సాకింది, ఉంచుకోలేను" అన్నాడంట. మా నాయనకు మనసు మెత్తన. ఆయన ఏడ్చె, ఈయన ఏడ్చె, ఎద్దు ఒక్కటే ఏడవలేదు. బేరం గూడా చేయకుండా కొన్నాడు. ఆయనది గూడా మా దారేనంట, పెద్దారవీడు దాటి దారి చీలేకాడి దాకా మా నాయనతో పాటే నడిచి, దారి పొడుగునా ఏడుస్తా, చివరికి ఎద్దు నొసలు ముద్దు పెట్టుకొని పోయినాడు. మర్నాడు కాడి కట్టినారు. ఎద్దు ఒక చాలు పోయె, పండుకునె. లేపితే లేచె, మళ్లా పండుకునె. అది పండుకొనే ఎద్దు. అట్లాంటి ఎద్దుకు మందు లేదు, మంత్రం లేదు. మళ్లా సంతకు తోలుకపోతే, ఆడ ఎవరో చెప్పినారు, ఆయన పెళ్లాం బాగనే ఉంది, ఆ రోజు గూడా పక్క వరసలో కూచొని పగ్గాలు అమ్ముకుంటుండె అని. మా నాయన ఆమె కాడే పగ్గం కొని ఆ ఎద్దుకు కట్టుకొని వచ్చినాడు గదా.

అప్పటి నుంచి మా నాయనకు ఎవరన్నా కన్నీళ్లు పెట్టుకుంటే నమ్మకం పోయె. సొంత చెల్లెలు అత్తగారింటికి పోతా ఏడిస్తే గూడా, కాసేపు పక్కకు జరిగి చూసి, అప్పుడు ఏడ్చినాడు.

ఇట్లాంటి మనిషి కాడికి వచ్చి మా పిచ్చయ్య మామ ఏమన్నాడు? "బావా, పిల్లోడు మంచోడు. మెట్ట ఉంది, గొర్రెలున్నయి, తల్లి నెమ్మది మనిషి. అన్నిటికీ మించి వేషాలు శానా బాగా వేస్తాడు" అన్నాడు.

మెచ్చుకోవాలనే అన్నాడు పాపం.

మా నాయన తింటున్న సంగటి ముద్ద పక్కన పెట్టినాడు. "వేషాలు వేస్తాడా?"

"శానా బాగా వేస్తాడు బావా. కంభం దాకా పేరుంది."

"కంభం దాకా తెలిసిపోయిందా వాడి వేషాల సంగతి?"

అప్పటికి మా మామకు తెలిసె, మాట యాడికి పోతాందో. "ఆ వేషాలు గాదు బావా, నాటకంలో వేషాలు. రాజు వేషం" అన్నాడు.

"రాజు గాని వాడు రాజునని చెప్తే నలుగురు నమ్ముతారంటావు."

"నమ్ముతారు బావా."

"అయితే ఇంకేంది తేడా?" అన్నాడు మా నాయన. మా మామకు ఆ తేడా ఏందో చెప్పడానికి రాలేదు. ఇప్పటికీ నాకూ రాదు.

ఆ పక్క ముండ్లమూరు దిక్కు నుంచి ఇంకో సంబంధం కూచొని ఉంది. వాళ్లకు కావాల్సినంత భూమి. పిల్లోణ్ణి ఎవరూ చూళ్లేదు. ఆయన మాట్లాడడని చెప్పినారు. అది మంచిగుణమని చెప్పినారు. మా నాయనకు నచ్చింది, మాట్లాడనోడు అబద్ధమాడడు గదా అని. నేను నోరు మూసుకొని ఒక్క పూట ఉండలేను, నీకు తెలుసు. మాట్లాడనోడింట్లో, ఆ దూరాన, ఎవరితో మాట్లాడేది నేను? గోడతోనా?

మా అమ్మ మధ్యలో పడి, చూడకుండా కాదనడమేంది అన్నది. చివరికి మా నాయన ఏమన్నాడంటే, "వాళ్ల ఊళ్లో నాటకం ఉందంటివి గదా. వచ్చి చూస్తా. బాగా వేస్తే ఇయ్యను."

"బాగా వేయకపోతే?" అన్నాడు మామ.

"అప్పుడు ఆలోచిస్తా."

లోకంలో అందరూ పెళ్లిచూపుల్లో పిల్ల చేత పాట పాడిస్తారు, బాగా పాడితే మెచ్చుకుంటారు. మా నాయన నాటకానికి పోతాన్నాడు, పిల్లోడు బాగా పాడకూడదని.

నేనేం చేయలేదు. మా అత్తతో ఒక మాటన్నా, అంతే. ఆయన ఆ రోజు కొంచెం చెడగొడితే బాగుంటాది అని. మా అత్త మామతో అన్నది. మామ పొలం కాడ ఆయనతో అన్నాడు. అది విని ఆయన గట్టు మీద కూచున్నాడంట. కళ్లాలు అయిపోయినప్పటి నుంచి నేర్చుకుంటున్నారు ఆ నాటకం. హార్మోనీ పంతులు ఒకాయన, ఊరూరు తిరిగి నాటకాలు నేర్పేటాయన, తానే రాసి, తానే వాయించి, ఎవరికి పద్యం తప్పితే వాళ్ల తొడ మీద కొట్టేవాడంట. కాగితం కరువు గదా, మార్కాపురం పలకల మీద పద్యాలు రాసి ఇచ్చేవాడు, నేర్చుకున్నాక తుడిపి ఇంకోటి రాసేది. ఆ పంతులు ఎవరినీ మెచ్చుకోడు. మీ తాతను మాత్రం, "నీ గొంతు ఊరికి సరిపోదురా" అన్నాడంట. అది మెచ్చుకోవడమేనని మీ తాత అంటాడు. నేను కాదనను.

అట్లాంటోణ్ణి పోయి చెడగొట్టమంటే? మీ తాత సంగతి నీకు తెలుసు. నలుగురు బాగుందంటే ఆ పూట అన్నం అడగడు. మా మామ మళ్లా అడిగితే, "చూస్తా" అన్నాడంట. ఆ ఒక్క మాట పట్టుకొని వచ్చినాడు మామ. చూస్తా అంటే ఏందత్తా, చేస్తాడా చేయడా అంటే, మా అత్త, "మగోళ్లు చూస్తా అంటే చూస్తారనే అర్థం, చేస్తారని గాదు" అన్నది.

నాటకం రోజు వచ్చింది. కిరసనాయిలు చాలదని పొద్దు వాలకముందే మొదలుపెట్టినారు. బజారులో రెండు బండ్లు కలిపి, పైన బల్లలు పరిచి స్టేజీ. వెనకాల ఎవరిదో పెళ్లి దుప్పటి. చుట్టుపక్కల ఊర్లన్నీ వచ్చినయి, పలక గనుల కాడ పనిచేసే మగపిల్లోళ్లు ఒక గుంపు, వాళ్లు ముందే వచ్చి కుడి పక్క కూచున్నారు. మా నాయన ముందు వరసలో, తువ్వాలు మోకాళ్లకు చుట్టుకొని, ఎద్దు పళ్లు చూసేటప్పుడు ఎట్ల కూచుంటాడో అట్ల కూచున్నాడు. మేము ఆడోళ్లం ఎడమ పక్క.

కథేందంటే, ఒక రాజు, ఆయన తమ్ముడు మోసం చేసి రాజ్యం లాక్కుంటాడు, రాజు పెళ్లాన్ని తీసుకోని అడవికి పోతాడు. అంతే. దానికి నలభై పద్యాలు.

రాజు వచ్చినాడు. కిరీటం బాగుంది. "జయము మహారాజా" అన్నాడు మంత్రి. దానికి రాజు ఒక పద్యం ఎత్తుకోవాల. ఎత్తుకోలేదు. "ఆఁ, కూచో" అన్నాడు.

మంత్రి కూచోవాల్సింది కాదు ఆడ. భయపడి కూచున్నాడు.

నాకు గుండె కుదుటపడింది. చెడగొడతాన్నాడు మనోడు అనుకున్నా. చిన్నగా చెడగొట్టలేదు. పద్యాన్ని తలారి దండోరా వేసినట్టు చదివినాడు. కత్తి దూస్తే ఒరతో సహా వచ్చింది, అట్లనే ఒరతోనే తమ్ముణ్ణి బెదిరించినాడు. సింహాసనం మీద కూచోని, కాలు ఎత్తి ముల్లు తీసుకున్నాడు. వెనకాల మాట అందించే మనిషిని, "ఏందీ? గట్టిగా చెప్పు" అని అడిగినాడు. పంతులు హార్మోనీ మీద చేతులు పెట్టుకొని అట్లనే చూస్తాన్నాడు, వాయించడం గూడా మరిచిపోయి.

రాణి మాత్రం బాగా చేసింది. రాణి అంటే వాళ్ల ఊరి శేషయ్య, గొర్రెల కాపరి, దానికోసం మీసం తీయించుకున్నాడు. మొగుడికి ఏమైందో తెలవక పాపం నిజంగానే భయపడినాడు. ఒకసారి చెవికాడ వంగి, "కోటిగా, ఒళ్లు బాగలేదా?" అని అడిగింది గూడా మాకు వినపడింది. రాజ్యం పోయే రాజు పెళ్లాం అట్లనే ఉంటాది. నేను చూసిన రాణుల్లో, సినిమాల్లో గూడా లెక్క పెట్టుకో, అంత దిగులు ముఖం నేను చూళ్లేదు. మొదటి రెండు సీన్లకు పేరు శేషయ్యదే.

మా నాయన ముఖం చూసినా. హాయిగా ఉన్నాడు. ఇంత చేతగానోణ్ణి దేవుడు నా కోసమే పుట్టించినాడు అన్నట్టు ఉన్నాడు. మా అత్త నన్ను గిల్లింది. అయిపోయింది, పెళ్లి కుదిరింది అనుకున్నాం.

మూడో సీను వచ్చె. రాజు అడవికి పోయే సీను. అప్పుడు ఆ పలక గనుల గుంపులోంచి ఒకడు, "ఒరే రాజా, నువ్వు ముందే పోయుంటే మేం ఇండ్లకు పోయేటోళ్లం గదరా" అన్నాడు. అందరూ నవ్వినారు. ఇంకొకడు, "రాజ్యం లాక్కున్న తమ్ముడిదే న్యాయం" అన్నాడు. మళ్లా నవ్వినారు.

మీ తాత నిలబడినాడు. ఒక్కసారి మా ఆడోళ్ల దిక్కు చూసినాడు, నేను యాడ కూచున్నానో ఆయనకు తెలవదు, ఊరికే అందరినీ కలిపి చూసినాడు. క్షమించమన్నట్టుగా చూసినాడు. నాకు అప్పుడే తెలిసింది, అయిపోయింది పని అని.

పంతులు దిక్కు తిరిగి శ్రుతి అడిగినాడు.

ఆ రాజుకు ఒక పట్టపుటేనుగు ఉంటాది. పోయే ముందు దాని కాడ సెలవు తీసుకోవాల. ఏనుగు యాడ నుంచి వస్తాది, ఆడ ఉత్త గాలి. ఆ గాలి కాడికి పోయి నిలబడినాడు. పద్యం మొదలుపెట్టి, నిదానంగా, దాని గంగడోలు నిమిరినాడు.

ఏనుగుకు గంగడోలు యాడుంటాది? ఉండదు. ఎద్దుకుంటాది, మెడ కింద వేలాడే తోలు. మీ తాత ఏనుగును ఎన్నడు చూసినాడు, ఎద్దునే చూసినాడు. కింది నుంచి పైకి, వేళ్లు లోపలికి మడిచి, ఎద్దును ఎట్ల నిమురుతామో అట్ల నిమిరినాడు. ఎద్దు మెడ ఎత్తి ఇంకా నిమరమని అడుగుతాది చూడు, అప్పుడు చెయ్యి కొంచెం పైకి పోవాల గదా, పోయింది. పట్నమోళ్లయితే నవ్వేటోళ్లు. ఆడ కూచున్నోళ్లంతా ఎద్దులు ఉన్నోళ్లు, లేకపోతే ఉండి పోగొట్టుకున్నోళ్లు. ఒక్కడు నవ్వలేదు. ఆ గనుల గుంపులో నవ్విన పిల్లోడే తల వంచుకున్నాడు. పద్యం అయిపోయినాక ఎవరో "వన్సు మోర్" అన్నారు. మళ్లా పాడినాడు. మళ్లా నిమిరినాడు. ఈసారి ఇంకా బాగుండె.

అప్పుడు నా మనసు ఎట్లుందో నీకు చెప్పలేను. ఒక పక్క, నా పెళ్లి పాయె, ముండ్లమూరు గోడతో మాట్లాడే యోగం పట్టింది నాకు అనుకుంటున్నా. ఇంకో పక్క, ఇంకోసారి పాడితే బాగుండు అనుకుంటున్నా. మా నాయన దిక్కు చూసినా. తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నయి. ఎద్దును కొన్న రోజు తర్వాత ఆయన పక్కకు జరిగి చూడకుండానే ఏడ్చింది అదే. ఇంకేం ఆశ ఉంటాది చెప్పు.

తెల్లవారి మా మామ వచ్చి అరుగు మీద కూచున్నాడు, చావు కబురు తెచ్చినోడి మాదిరి. మా అత్త లోపలికొచ్చి నా పక్కన నిలబడింది. నేను మజ్జిగ చిలుకుతున్నా, కవ్వం ఆపి విన్నా.

"పిచ్చయ్యా, ఆ పిల్లోడికి ఎవరు చెప్పినారు?" అన్నాడు మా నాయన.

"ఏం చెప్పినారు బావా?"

"చెడగొట్టమని. చేతగానోడు ఒకే తీరుగ చెడగొడతాడు. వాడు సీనుకు ఒక తీరుగ చెడగొట్టినాడు. ఆ ముల్లు తీసుకొనేది ఎవడికి తోస్తాది? మన పిల్ల కోసమా?"

"అవును బావా."

"మరి మూడో సీనులో ఎందుకు మానుకున్నాడు?"

"ఆ పిల్లోళ్లు ఎకసెక్కాలు చేసినారు గదా బావా. ఓర్చుకోలేకపోయినాడు."

మా నాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. తర్వాత అన్నాడు, "ఎద్దును అమ్మినోడు దారి చీలేదాకా వదల్లేదు. వీడు రెండు సీన్లకే వదిలేసినాడు. వీడు మోసం చేసేటోడు గాదులే పిచ్చయ్యా. వీడికి అంత ఓపిక లేదు."

అత్త నా భుజం పట్టుకుంది.

"వాడు ఏం దాచినా పొద్దుగూకే లోపల బయటపెడతాడు. పిల్లకు అదే సుఖం. పోయి మాట్లాడు."

మా మామ లేచి, చెప్పులు వేసుకుంటా, ఉండబట్టక, "పెళ్లయినాక వేషాలు మానుకోమని చెప్పమంటావా బావా?" అని అడిగినాడు.

"ఎందుకు?" అన్నాడు మా నాయన. "పాట బాగనే ఉంది గదా. ఏనుగుకు గంగడోలు ఉండదని మాత్రం చెప్పు." రెండడుగులు పోనిచ్చి, మళ్లా పిలిచి, "వద్దులే, చెప్పొద్దు" అన్నాడు.

చెప్పలేదు. ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు ఆయనకు.

పంతులుదే నవ్వొస్తాది. తర్వాత ఊరూరా ఏమని చెప్పుకున్నాడంట? మొదటి రెండు సీన్లు కావాలనే అట్ల చేయించినా, మూడోది లేవాలని. అది కొత్త పద్ధతంట. ఇంకో రెండు ఊళ్లలో గూడా అట్ల చేయించి తన్నులు తిన్నాడని విన్నా. తన్నలేదులే, తిట్టినారు.

మా నాయన అన్నది నిజమే, చూడు. ఇన్నేండ్లలో మీ తాత నా కాడ ఏదీ దాచలేకపోయినాడు. ఒకసారి నాకు చెప్పకుండా పాత హార్మోనీ ఒకటి కొని గడ్డివామిలో దాచినాడు. నేను కసువు చిమ్ముతాంటే వామి మీద నుంచి సంగీతం వినపడింది. దాచినోడే ఎక్కి వాయిస్తాన్నాడు. దిగు అన్నా. ఈ ఒక్క పద్యం అన్నాడు.

నువ్వడిగినావు గదా, ఆయన ఎట్ల చేసేవాడని. ఆయన గూడా అడుగుతాడు. ఏ సినిమా చూసి వచ్చినా, టీవీ చూసినా, పక్క మీద పండుకొని, అప్పుడే ఏదో గుర్తొచ్చినట్టు, "ఇంతకీ ఆ రోజు నా మూడో సీను ఎట్లుండె సుబ్బులూ?" అంటాడు. ఊరంతా ఏడ్చింది, మా నాయన ఏడ్చినాడు, అవన్నీ చాలవు, నేను చెప్పాల.

నేను ఎప్పుడూ ఒకటే మాట చెప్తా. "మొదటి రెండు సీన్లే బాగుండె" అని.

ఆయన అటు తిరిగి పండుకుంటాడు, కోపం వచ్చినట్టు. అది యాక్షనే. ఎందుకంటే కాసేపటికి...

సరేలే. చిక్కుడుకాయలు అయిపోయినయా? ఈనెలు సగం అట్లనే ఉంచినావే. అందుకే ఏ పనీ చెప్పేది గాదు నీకు. రా, ఇట్ల రా, తల వంచు. చదువుకో, ఉద్యోగం చెయ్యి, ఎన్ని సినిమాలన్నా చూడు, ఎవరు బాగా చేసినారో నువ్వే చెప్పు, ఇంకొకరి మాట వినొద్దు. నీ కోసం రెండు సీన్లన్నా చెడగొట్టుకునేటోడు దొరకాల తల్లీ నీకు. మూడోది ఆయన ఇష్టం.